రోగి కూర్చోగల తోట

సింగపూర్ ఉత్తరాన యీషున్ అనే పేట ఉంది. అక్కడ కొత్త ఆసుపత్రి కట్టాలనుకున్నప్పుడు, దాన్ని నడపబోయే లియాక్ టెంగ్ లిట్ ఆర్కిటెక్టుల ముందు ఒక కోరిక పెట్టారు. ఆసుపత్రి గడప తొక్కగానే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది, బీపీ పైకి పోతుంది. మనం కట్టే ఆసుపత్రిలో అడుగుపెట్టినవాళ్లకు ఆ రెండూ తగ్గాలి, అలా కట్టండి అన్నారు.

మంచి కోరికే. తోట ఉంటే మనసు కుదుటపడుతుందని అప్పటికి ఆసుపత్రులు కట్టేవాళ్లందరికీ తెలుసు. చిక్కల్లా ఊరితోనే. సింగపూర్ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ కూడా లేని దూరంలో ఉంది. ఏడాది పొడవునా మధ్యాహ్నం 31, 32 డిగ్రీలు ఉంటుంది. అంకె చూస్తే మన ఎండాకాలం ముందు ఇదేం లెక్క అనిపిస్తుంది గానీ, గాలిలో తేమ ఎక్కువ కావడంతో పట్టిన చెమట ఆరదు. మచిలీపట్నంలోనో కాకినాడలోనో ఉక్కపోత తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అలాంటి చోట పచ్చిక పరిచి, పూలమొక్కలు పెట్టి, నాలుగు బెంచీలు వేస్తే ఫొటోకు బాగానే ఉంటుంది. కుట్లు ఆరని మనిషి ఆ బెంచీ మీద పావుగంట కూర్చోగలడా?

పచ్చదనం రోగికి మేలు చేస్తుందా అన్న ప్రశ్న మీద వైద్యులు, పరిశోధకులు చాలా రాశారు. ఆ పచ్చదనంలో రోగి కూర్చోగలడా అన్న ప్రశ్న మాత్రం కట్టడం తెలిసినవాళ్ల మీదే పడింది. నీడ ఎటు పడాలి, గాలి ఎక్కణ్ణుంచి రావాలి, గోడ ఎంత ఎత్తుండాలి అనేవి మొక్కలు పెంచేవాళ్ల చేతిలో లేనివి. అందుకే ఆసుపత్రి తోట కథ సగానికి పైగా కట్టడాల కథే.

ఈ కథలో పాత ఊళ్లు రెండు చెప్పుకోవాలి. డమాస్కస్‌లో 1154లో నూర్ అద్దీన్ పేరిట ఒక ఆసుపత్రి కట్టారు. ఆ రోజుల్లో అరబ్బులు, పారశీకులు ఆసుపత్రిని బీమారిస్తాన్ అనేవారు. నడుమ చతురస్రపు ముంగిలి, ముంగిట్లో కొలను, నాలుగు వైపులా ఎత్తయిన కమానుల కింద ముందు తెరిచి ఉన్న మండపాలు. అలెప్పోలో 1354లో అర్ఘూన్ అల్ కామిలి పేరిట కట్టింది ఇంకా ఆసక్తికరం. మతి చలించినవాళ్లను అందులో ఉంచేవారు. ఒకే పెద్ద ముంగిలి పెట్టి ఊరుకోకుండా, లోపలికి పోతున్నకొద్దీ చిన్న చిన్న ముంగిళ్లు కట్టారు. వాటి నడుమ నీటి తొట్లు, చుట్టూ గదులు. గదిలో ఉన్నవాడికి గోల వినపడదు, నీటి చప్పుడు మాత్రం వినపడుతుంది.

ఆ నీరు అందం కోసమే పెట్టలేదు. సిరియాలో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలిలో నీరు చకచకా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. మన ఇళ్లలో మట్టికుండ చెమర్చి లోపలి నీళ్లు చల్లబడే తీరు అదే. ముంగిలి ఇరుకుగా, గోడలు ఎత్తుగా ఉండటం వల్ల రోజులో చాలాసేపు ఏదో ఒక గోడ నీడ నేల మీద పడి ఉంటుంది. రాత్రి దిగిన చల్లగాలి బరువుగా ఉండి ఆ గుంటలోనే నిలుస్తుంది, పొద్దెక్కేదాకా కదలదు. మందమైన రాతిగోడ పగటి వేడిని వెంటనే లోపలికి పంపదు. అంటే నీరు, నీడ, రాత్రి చల్లదనం మూడూ కలిసి పనిచేసేలా ఆ కట్టడాన్ని కూర్చారు. కట్టినవాళ్ల దగ్గర థర్మామీటరు లేదు. ఎండలో బతికిన అనుభవం ఉంది.

యూరప్‌లో ఈ ఆలోచన వేరే దారిన వచ్చింది. అక్కడి బాధ చలి, చీకటి, మురికిగాలి. క్రిమియా యుద్ధంలో స్కుటారి సైనిక ఆసుపత్రిని చూసి వచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్, కిటికీలోంచి బయటికి చూడటం, పూల రంగులు చూడటం రోగి కోలుకోవడానికి నిజమైన సాధనాలని రాశారు. తనకు జ్వరం వచ్చినప్పుడు ఎవరో పంపిన అడవిపూల గుత్తి చూశాకే త్వరగా కోలుకున్నానని కూడా చెప్పుకున్నారు. ఆమె గట్టిగా పట్టుబట్టింది గాలి, వెలుతురు కోసం. పొడవాటి వార్డులు విడివిడిగా, రెండు వైపులా కిటికీలతో, నడుమ ఖాళీ స్థలంతో కట్టే పద్ధతి ఆ పట్టుదల వల్లే లోకమంతా పాకింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దగ్గర కట్టిన ఎన్నో పాత ఆసుపత్రుల్లో ఆ తీరు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఫిన్లండ్‌లో యువ ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో 1929లో పోటీలో గెలిచి, పైమియో అడవిలో 1933 నాటికి క్షయరోగుల శానటోరియం కట్టి నిలబెట్టాడు. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, చలిగాలి, ఎండ, వీటినే వైద్యం అనుకున్నారు. రోగులను మంచాలతో సహా బాల్కనీల మీదికి తెచ్చి, దుప్పట్లు కప్పి, పైన్ చెట్ల కేసి చూస్తూ గంటల తరబడి పడుకోబెట్టేవారు. అక్కడ ఎండ శత్రువు కాదు, దొరకని చుట్టం. కట్టడం మొత్తాన్ని ఆ ఎండ వైపు తిప్పి పెట్టాడు ఆల్టో. పడుకున్న మనిషి కళ్లతో గదిని చూడాలన్నది ఆయన సూత్రం. అందుకే కప్పుకు కళ్లకు హాయిగా ఉండే ముదురు ఆకుపచ్చ వేయించాడు, దీపం సూటిగా కళ్లలో పడకుండా అమర్చాడు. చేతులు కడిగే బేసిన్‌లో నీళ్లు పడుతుంటే పక్క మంచం మీద పడుకున్నవాడికి చప్పుడు వినపడకుండా దాని వంపును కూడా తానే గీశాడు.

మన నేల మీదా అదే నమ్మకంతో ఒక ఊరే వెలిసింది. మదనపల్లె దగ్గర, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన, ఎండ మరీ మండని, గాలి పొడిగా ఉండే చోటు చూసి క్రైస్తవ మిషన్లు కలిసి 1910ల్లో క్షయ శానటోరియం పెట్టాయి. అదే ఆరోగ్యవరం. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని చాలా ఏళ్లు నడిపించారు. దక్షిణాది నలుమూలల నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. స్థలం ఎంచుకోవడమే అక్కడ మొదటి చికిత్స. తోటను వాతావరణానికి తగ్గట్టు మలచడానికి బదులు, మంచి వాతావరణం ఉన్న చోటుకే ఆసుపత్రిని తీసుకుపోయారు. భారతదేశంలో బీసీజీ టీకా వేయడం 1948లో మొదలైంది కూడా ఆ మదనపల్లెలోనే.

తర్వాత జరిగింది తోటలను ప్రేమించేవాళ్లకు మింగుడుపడనిది. కానీ దాన్ని దాటవేస్తే కథ అబద్ధమవుతుంది. క్షయకు మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక సూటి పరీక్ష పెట్టింది. నగరంలోని పేద రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానటోరియంలో చేర్చి మంచి తిండి, విశ్రాంతి, గాలి, మందులు ఇచ్చారు. రెండో జట్టుకు అవే మందులిచ్చి ఇరుకిళ్లలోనే ఉండమన్నారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. మందు వేసుకుంటే చాలు, కొండగాలి అక్కర్లేదని తేలింది. లక్షల మంది పేదలకు అది ప్రాణదానం. శానటోరియాలకు మాత్రం అది చరమగీతం. పైమియోలో కూడా 1960లు వచ్చేసరికి బాల్కనీలకు గోడలు లేచి, అవి గదులైపోయాయి.

అదే కాలంలో ఆసుపత్రుల్లోకి ఏసీ వచ్చింది. అంతకుముందు ఏ వార్డుకైనా కిటికీ కావాలి కాబట్టి భవనం సన్నగా ఉండక తప్పేది కాదు. ఏసీ వచ్చాక ఆ కట్టుబాటు తెగిపోయింది. గదుల వెనక గదులు, వాటి వెనక కారిడార్లు, నడుమ లిఫ్టులతో ఆసుపత్రి లావెక్కింది. ముంగిళ్లు మూసుకుపోయి ఆపరేషన్ థియేటర్లయ్యాయి, లేదా పార్కింగ్ అయ్యాయి. మందు, యంత్రం, మెషీన్ గాలి చాలనుకున్నారు. తోట మిగిలిన చోట అది గేటు దగ్గర గుండ్రటి పూలపాన్పుగా మిగిలింది, రోగి దాని పక్కనుంచి అంబులెన్సులో పోతాడు.

తోటను ఆసుపత్రిలోకి మళ్లీ పిలిచింది ఒక చిన్న పరిశోధన. అది ఎంత చిన్నదో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు చిన్నతనంలో మూత్రపిండాల జబ్బుతో మంచాన పడి, కిటికీలోంచి కనిపించే ఒక పైన్ చెట్టును చూస్తూ రోజులు గడిపిన మనిషి. పెద్దయ్యాక ఆయన పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అక్కడ ఒకే తీరు గదుల్లో ఉండేవారు. ఒక వైపు గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి, మరో వైపు కిటికీల్లోంచి ఇటుక గోడ. 1972 నుంచి 1981 దాకా ఉన్న రికార్డుల్లోంచి వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు, బరువు, ఉన్న అంతస్తు వంటివి కలిసేలా 23 జంటలను, అంటే 46 మందిని ఏరాడు. ఏరేటప్పుడు మే 1 నుంచి అక్టోబరు 20 లోపు ఆపరేషన్ అయినవాళ్లనే తీసుకున్నాడు. అక్కడ చలికాలం చెట్లకు ఆకులుండవు. ఆకుల్లేని చెట్టును చెట్టుగా లెక్కవేయలేదాయన.

1984 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితం వచ్చింది. చెట్లు చూసినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు, గోడ చూసినవాళ్లు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చెట్లవైపు వాళ్లకు బలమైన నొప్పి మందుల అవసరం తగ్గింది. కలత చెందుతోంది, ధైర్యం చెప్పాల్సి వస్తోంది అంటూ నర్సులు రాసుకున్న మాటలు గోడవైపు రోగుల కేస్ షీట్లలో మూడు రెట్లకు పైగా ఉన్నాయి.

ఉల్రిచ్ చెప్పింది కొంచెమే. చెట్టు జబ్బును నయం చేస్తుందని అనలేదు. మద్రాసు పరీక్ష కూలదోసింది ఆ పెద్ద మాటనే, అది మళ్లీ లేవలేదు, లేవకూడదు కూడా. నొప్పి, భయం, కలత తగ్గుతాయన్నది ఆయన మాట. అది కొలవగలిగినది. ఆసుపత్రి యజమానులకు అర్థమయ్యే భాషలో, మందుల్లో, మంచం రోజుల్లో చెప్పగలిగినది. పచ్చదనం తరఫున పూర్వం చెప్పిన గొప్పలన్నిటి కంటే ఈ చిన్న మాటే ఎక్కువ ఆసుపత్రులను మార్చిందని నా నమ్మకం.

కిటికీలోంచి చూడటం ఒకటి, బయటికి వచ్చి కూర్చోవడం మరొకటి. ఆ రెండో దాన్ని పట్టించుకున్నవాళ్లు కాలిఫోర్నియాలోని క్లేర్ కూపర్ మార్కస్, మార్నీ బార్న్స్. ఆసుపత్రి తోటల్లో కూర్చుని, ఎవరు వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎందుకు వస్తున్నారు అని చూసి, అడిగి, 1995లో ఒక నివేదిక రాశారు. తోటకు వచ్చేవాళ్లలో రోగులతో పాటు నర్సులు, సిబ్బంది బాగా కనిపించారు. ఆసుపత్రి లోపలి నుంచి కాసేపు పారిపోవడానికి వస్తున్నామన్నారు వాళ్లు. తోట ఎక్కడుందో లోపలివాళ్లకు కనపడాలి, తలుపు తోయడానికి తేలిగ్గా ఉండాలి, ఒంటరిగా ఏడవడానికి ఒక మూల, నలుగురు కూర్చోవడానికి మరో చోటు ఉండాలి, నీడ ఉండాలి. ఇంత సాదా విషయాలు ఆర్కిటెక్టులకు నేర్పాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికి ఒక తరం ఆసుపత్రి అంటే మూసిన పెట్టె అనుకుంటూ పెరిగింది.

నీడ సంగతి రోగి విషయంలో మరీ ముఖ్యం. కొన్ని యాంటీబయాటిక్స్, కొన్ని మానసిక వైద్యపు మందులు వాడేవాళ్ల చర్మం మామూలు ఎండకే కందిపోతుంది. శుక్లం పొరలు ఉన్న కళ్లకు తెల్లటి నాపరాళ్ల మీద పడ్డ వెలుగు సూదుల్లా గుచ్చుకుంటుంది. ఆరోగ్యవంతుడు హాయిగా నడిచే తోట రోగికి శిక్ష కావచ్చు.

ఇక సింగపూర్‌కు వద్దాం. యీషున్ కథ నిజానికి అలెగ్జాండ్రాలో మొదలైంది. బ్రిటిష్ సైన్యం కోసం 1940 నాటికి కట్టిన పాత ఆసుపత్రి అది. 2000లో లియాక్ టెంగ్ లిట్ దాని బాధ్యత తీసుకునేసరికి ఎప్పుడు మూసేస్తారో అన్నట్టు ఉండేది. కొత్త భవనానికి డబ్బు లేదు. ఉన్నవి వరండాల పాత భవనాలు, చుట్టూ విశాలమైన నేల. సిబ్బంది, వాలంటీర్లు కలిసి ఆ నేలలో తోట పెంచారు. సీతాకోకచిలుకల కోసం ఒక బాట వేశారు. సీతాకోకచిలుకలు రావాలంటే పూలు చాలవు, వాటి గొంగళిపురుగులు తినే ఆకులు ఉండాలి. మన పెరట్లో నిమ్మ, కరివేపాకు ఆకులను చిల్లులు చేసే పురుగు తర్వాత ఏమవుతుందో గమనించినవాళ్లకు ఇది తెలుసు. ఆసుపత్రి ఆవరణలో ఆకు చిల్లులు పడినా మందు కొట్టకుండా వదిలేయడం నిర్వాహకులకు చిన్న నిర్ణయం కాదు. ఆ వదిలేయడం వల్లే సీతాకోకచిలుకలు వచ్చాయి, వాటిని చూడటానికి ఊరివాళ్లు కూడా ఆసుపత్రికి రాసాగారు.

ఆ బృందమే యీషున్‌కు మారింది. ఖూ టెక్ పువాట్ అనే బ్యాంకరు కుటుంబం 12.5 కోట్ల సింగపూర్ డాలర్లు ఇవ్వడంతో ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. సీపీజీ కన్సల్టెంట్స్ దాన్ని డిజైన్ చేసింది. నడుమ 2003లో ఊపిరితిత్తులకు సోకే సార్స్ అంటువ్యాధి వచ్చి పోయింది. ఒకే గాలి తిరిగే మూసిన గదులంటే అందరికీ భయం పట్టుకుంది. పాత పద్ధతిలో కిటికీలు తెరిచిన వార్డులకు మళ్లీ విలువ వచ్చింది. ఆ తర్వాత 2007లో అచ్చయిన ఒక పరిశోధన కోసం పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రులను కొలిచినప్పుడు, ఎత్తు కప్పులు, పెద్ద కిటికీల పాత గదుల్లో కిటికీలన్నీ తెరిస్తే గాలి గంటకు 40 సార్లు మారుతోందని, కొత్త తరహా గదుల్లో 17 సార్లేనని, మెషీన్లతో గాలి పంపే గదుల్లో 12 సార్లేనని తేలింది. నైటింగేల్ కాలపు కిటికీకి అంకెలతో సాక్ష్యం దొరికింది.

యీషున్ స్థలం పక్కన ఒక చెరువుంది, వాననీటిని పట్టి ఉంచడానికి ప్రభుత్వం తవ్వించింది. ఆర్కిటెక్టులు మొదట చూసింది ఆ చెరువును, దాని మీదుగా వచ్చే గాలిని. సింగపూర్‌లో గాలి ఏడాదిలో కొన్ని నెలలు ఉత్తరం వైపు నుంచి, కొన్ని నెలలు ఆగ్నేయం వైపు నుంచి వీస్తుంది. ఆసుపత్రిని మూడు భవనాలుగా విడదీసి, వాటి నడుమ ఇంగ్లీషు 'వి' ఆకారంలో ముంగిలి వదిలి, ఆ ముంగిలి నోటిని చెరువు వైపు తెరిచారు. నీటి మీదుగా వచ్చే గాలి ఆ నోట్లోంచి దూరి, తోట గుండా పోయి, పై వార్డుల్లోకి ఎక్కాలన్నది ఆలోచన.

అలెప్పో ముంగిలికి ఇది తలకిందులు. అక్కడ వేడిగాలిని బయటే ఆపి, చల్లదనాన్ని గుంటలో పట్టి ఉంచారు. ఇక్కడ గాలి ఒక్క నిమిషం ఆగినా ఉక్క మొదలవుతుంది, కాబట్టి ఎటూ ఆగకుండా దారి ఇవ్వాలి. తేమగాలిలో నీరు పెద్దగా ఆవిరి కాదు, ఫౌంటెన్ చల్లదనం ఇవ్వదు. చెమట ఆరాలంటే గాలి కదలాలి. సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి తగిలితే చాలు, ఒంటికి రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది.

ఆ గాలి కోసం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది గోడలకు బిగించిన రెక్కలు. గాలి ఎప్పుడూ కిటికీకి ఎదురుగా రాదు. గోడ వెంబడి ఏటవాలుగా జారిపోతుంది, కిటికీ తెరిచి ఉన్నా లోపలికి రాదు. అందుకని గోడల బయట నిలువుగా అల్యూమినియం రెక్కలు బిగించారు. జారిపోయే గాలి రెక్కకు తగిలి ఆగుతుంది, అక్కడ ఒత్తిడి పెరిగి పక్కనున్న కిటికీలోకి మళ్లుతుంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో నమూనా చేసి, విండ్ టన్నెల్లో పెట్టి చూశారు. రెక్కల వల్ల లోపలికి వచ్చే గాలి 20 నుంచి 30 శాతం పెరిగింది. కరెంటు లేదు, మోటారు లేదు, చెడిపోయేదేమీ లేదు.

వానతో మరో పేచీ. సింగపూర్‌లో ఏ పూటైనా కుండపోత రావచ్చు. వాన రాగానే వార్డులో కిటికీలు మూస్తారు, మూయగానే లోపల ఆవిరి. దానికి మంచం ఎత్తు కంటే కిందుగా, జల్లు లోపల పడకుండా గాలి మాత్రం దూరేలా మరో సన్నటి తెరపి పెట్టారు. పైన కిటికీ మూసినా పడుకున్నవాడి ఒంటికి కింద నుంచి గాలి తగులుతూనే ఉంటుంది. కిటికీల దగ్గర అడ్డంగా పలకలు అమర్చారు, అవి ఎండను కళ్లలో పడనివ్వకుండా కప్పు మీదికి తిప్పి గదంతా వెలుగు పరుస్తాయి. పైమియోలో ఆల్టో పడుకున్నవాడి కళ్లతో చూసినట్టే ఇక్కడా చూశారు.

ఈ గాలి వార్డులు ఎవరివన్నది అసలు సంగతి. ప్రభుత్వ రాయితీతో చేరే సామాన్యుల వార్డులవి. ఏసీ గదులు డబ్బు కట్టేవాళ్ల బ్లాకులో ఉన్నాయి. పేదలకు ఏసీ ఇవ్వలేదన్న మాట రాకుండా, ఏసీ లేకపోయినా హాయిగా ఉండేలా కట్టాలన్న పంతం ఈ డిజైన్ వెనక ఉంది. బుద్ధినంతా రాయితీ వార్డు మీద ఖర్చుపెట్టిన ఆసుపత్రులు ఎన్ని ఉంటాయి?

తోట నేల మీదే ఆగలేదు. ముంగిట్లో నేల మట్టం నుంచి బేస్‌మెంట్‌లోకి మెట్లు మెట్లుగా పచ్చదనం దిగింది. దానివల్ల కింది అంతస్తులోనూ వెలుతురు, గాలి ఉంటాయి, ఏ అంతస్తులో దారి తప్పినా ఎదురుగా చెట్టు కనిపిస్తుంది. పై అంతస్తుల బాల్కనీల అంచున తొట్లలో మొక్కలు పెట్టారు, వాటిలో వాసన వేసేవి ఉండేలా చూశారు. మంచం దిగలేని రోగి దగ్గరికి తోట గాలితో పాటు వాసనగా వస్తుంది. మొక్కలకు నీళ్లు పక్క చెరువువి. ఒక భవనం పైకప్పు మీద కూరగాయలు, పళ్ల చెట్లు పెంచుతున్నారు, ఆ పని చేసేవాళ్లలో చుట్టుపక్కల ఇళ్ల పెద్దవాళ్లున్నారు. 2010లో ఆసుపత్రి తెరిచాక, జబ్బు లేనివాళ్లు కూడా సాయంత్రం పూట ఆ ముంగిట్లోకి వచ్చి కూర్చోవడం మొదలైంది. 2017లో ప్రకృతిని కలుపుకున్న కట్టడాలకిచ్చే స్టీఫెన్ కెల్లర్ట్ అవార్డు మొదటిసారి ఇచ్చినప్పుడు అది ఈ ఆసుపత్రికే దక్కింది. 2015లో అదే దేశంలో తెరిచిన ఎన్జీ టెంగ్ ఫాంగ్ ఆసుపత్రిలో మరో అడుగు వేశారు: వార్డులో ఎన్ని మంచాలుంటే అన్ని కిటికీలు, ప్రతి రోగికీ తనదైన కిటికీ.

కష్టాలు లేవని కాదు. సింగపూర్‌కు డెంగీ బెడద ఉంది. ఆకుల నడుమ నీరు నిలిచే మొక్క ఒక్కటి పెట్టినా ఆసుపత్రే దోమల్ని పెంచినట్టవుతుంది. కొలనుల్లో చేపలుండాలి, నీరు కదులుతుండాలి, తొట్ల కింద పళ్లేలు ఉండకూడదు. క్యాన్సర్ చికిత్సతో ఒంట్లో తెల్లకణాలు పడిపోయినవాళ్లకు మట్టిలోని బూజు కూడా ప్రమాదం, వాళ్లకు తోటను అద్దం వెనక నుంచే చూపించాలి. తోట వేశాక దాన్ని చూసుకునే మాలి జీతం ఏటా బడ్జెట్లో ఉండాలి. ఆ ఒక్క పద్దు లేక ఎండిపోయిన ఆసుపత్రి తోటలు మన దగ్గర ఊరికొకటి కనిపిస్తాయి.

మన సంగతికొస్తే, యీషున్ నమూనాను తెచ్చి ఎక్కడ పడితే అక్కడ దించితే పొరపాటే. విశాఖ నుంచి నెల్లూరు దాకా కోస్తాకు అది బాగా పనికొస్తుంది. అక్కడ బాధ ఉక్క, మందు సముద్రం నుంచి సాయంత్రం వచ్చే గాలి. భవనాలను విడదీసి, తూర్పు, ఆగ్నేయాలకు నోరు తెరిచి, కింది అంతస్తును స్తంభాల మీద ఖాళీగా వదిలితే ఆ గాలి వార్డుల దాకా వస్తుంది. కర్నూలులో, అనంతపురంలో, రామగుండంలో మే నెలలో అలా తెరిస్తే వచ్చేది వడగాలి. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉంటే అది ఒంటిని చల్లబరచడానికి బదులు ఒంటికే వేడి ఎక్కిస్తుంది. 43 డిగ్రీల గాలిని రెక్కలు పెట్టి మరీ లోపలికి పిలిస్తే రోగికి వడదెబ్బే. అక్కడ అలెప్పో పాఠం కావాలి: పడమర మూసిన ఇరుకు ముంగిళ్లు, మందపాటి గోడలు, పగలు మూసి రాత్రి తెరిచే కిటికీలు, నీటి తొట్టి, వరండాలకు తడిపిన వట్టివేళ్ల తడికలు. జూన్‌లో తొలకరి పడ్డాక అదే ఊళ్లో గాలి కావాలి కాబట్టి ఆ కిటికీలు పగలు తెరుచుకునేలా కూడా ఉండాలి.

చెట్ల ఎంపికా అంతే. ఉల్రిచ్ చలికాలాన్ని పక్కన పెట్టినట్టు మనం ఎండాకాలాన్ని ముందు పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏ చెట్టుకు ఆకు దట్టంగా ఉంటుందన్నది ప్రశ్న. కానుగ వేసవి ముదిరే ముందు ఆకు రాల్చి, ఎండలు మండే వేళకు కొత్త ఆకుతో నిండుగా ఉంటుంది. వేప కూడా అంతే. తురాయి అప్పుడే ఎర్రగా పూసి కన్నులపండుగ చేస్తుంది గానీ దాని కింద నీడ పలచన. ఊపిరి సమస్యల భయంతో తెలంగాణలో వద్దనుకున్న కోనోకార్పస్‌ను ఆసుపత్రి ఆవరణలో పెట్టనే కూడదు.

సింగపూర్‌లో లేనిది, మన దగ్గర ఉన్నది మరొకటి ఉంది. ఇక్కడ రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడు. ఊరి నుంచి వెంట వచ్చిన అమ్మో, అక్కో, మేనమామో వార్డు బయట రోజుల తరబడి ఉండిపోతారు. జిల్లా ఆసుపత్రి ఆవరణలో ఏ పాత చెట్టు కిందైనా చూడండి, చాప, టిఫిన్ క్యారియర్, కొమ్మకు వేలాడే సెలైన్ బాటిళ్ల సంచి, తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్న మనిషి. ఆర్కిటెక్టు నక్షాలో వాళ్లకు చోటు లేకపోయినా తోటను వాడుకుంటున్నది వాళ్లే. కాబట్టి మన ఆసుపత్రి తోటలో బెంచీల కంటే ముందు చెట్టు చుట్టూ నడుం వాల్చగల వెడల్పైన అరుగు రావాలి. వాన వస్తే పరుగెత్తి చేరే కప్పు దగ్గర్లో ఉండాలి, గిన్నె కడుక్కునే కొళాయి ఉండాలి, ఆడవాళ్లు రాత్రి భయం లేకుండా పడుకునేంత వెలుతురు ఉండాలి. వార్డు కిటికీ ఆ అరుగు వైపు తెరుచుకుంటే, మంచం మీద ఉన్నవాడికి చెట్టుతో పాటు తన మనిషి కూడా కనిపిస్తుంది.